బెల్లానికి బెదిరే గుర్రం

అనగనగా ఒక అడవి. అడవంటే చదునుగా పరుచుకున్న అడవి కాదర్రా. కొండ మీద కొండ, ఆ పైన మబ్బు. అక్కడికి బస్సు రాదు, బండి ఎక్కదు. కింద ఊళ్ళో సంతకి ఏం తీసుకెళ్ళాలన్నా గుర్రం వీపు మీదే. రాజులు ఎక్కే పెద్ద గుర్రాలనుకునేరు! పొట్టివి, గట్టి కాళ్ళవి, కొండదారిలో మేకలతో పోటీపడి ఎక్కేవి.

ఆ కొండ మీద ఒక ఆడ గుర్రప్పిల్ల ఉండేది. పేరు మళ్ళీ మరిచిపోతానేమో, ముందే చెప్పేస్తున్నాను. దాని పేరు మిరియం. నల్లగా, గుండ్రంగా, ఎవరైనా తోక ముట్టుకుంటే చుర్రుమనేది. ఆ పేరు పెట్టింది చిలకమ్మ. చిలకమ్మ భర్త సన్నిబాబు. వాళ్ళకి పిల్లల్లేరు. మిరియాన్నే పిల్లలా చూసుకునేవారు. దానికి ఉలవలు నానబెట్టనిదే చిలకమ్మ తన గంజి తాగేది కాదు. సన్నిబాబు నెత్తికి నూనె రాసుకుంటే, చేతికి మిగిలింది తెచ్చి దాని జూలుకి రాసేవాడు.

మిరియానికి ఒక అమ్మమ్మ కూడా ఉంది. ముసలి గుర్రం. పేరు కుంకుడు. వయసైపోయి బరువులు మొయ్యడం మానేసింది. దానికి మతిమరుపు.

"ఒసే జీలకర్రా, ఇలా రా!" అని పిలిచేది.

"మిరియం, అమ్మమ్మా! నా పేరు మిరియం!"

"అదేలేవే. వంటింట్లో ఉండేదేదో అని గుర్తుంది కదా. అంతవరకూ నయమే."

మిరియం బరువులు మోసే ఈడుకి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే సన్నిబాబు దాని వీపు మీద గోనె వేసి, దానిపైన అడ్డాకుల మోపులు కట్టాడు. అడ్డాకులు మీరు చూసే ఉంటారు, విస్తళ్ళు కుడతారు. అడవిలో కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి సంతకి పట్టుకెళ్తారు. ఎండిన ఆకు ఊరుకుంటుందా? మిరియం అడుగు వేసిందో లేదో, వీపు మీద గలగలమంది.

మిరియం గుండె ఝల్లుమంది. గుర్రం పుట్టుకే అంత. వెనకాల ఆకు కదిలితే చిరుతపులే అనుకుంటుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. తల్లి కడుపులోంచే నేర్చుకుని వస్తుంది. మిరియం చెవులు నిక్కబొడుచుకుని, నాలుగు కాళ్ళూ బిగబట్టి, పగ్గం సన్నిబాబు చేతిలో ఉండబట్టి పారిపోలేక, వణుకుతూ ఆగిపోయింది.

"అయ్యో నా తల్లే! భయపడ్డావా?" అన్నాడు సన్నిబాబు. నడుముకి కట్టుకున్న చిన్న సంచిలోంచి బెల్లం ముక్క తీసి నోటికి అందించాడు. భయం కాస్త తగ్గాక మిరియం తడబడుతూనే తినింది. తియ్యగా ఉంది. నడిచింది.

కొంతదూరం పోయాక చినుకు పడింది. ఎదురుగా వస్తున్న ఒకాయన టప్పున గొడుగు తెరిచాడు. మిరియం ఉలిక్కిపడింది. ఈసారి భయం అంత లేదు, కొంచెమే. అయినా ఆగింది. మళ్ళీ బెల్లం వచ్చింది.

ఇంకా కిందికి వెళ్ళాక ఒక పసుపుపచ్చ సీతాకోకచిలుక దారికి అడ్డంగా ఎగిరింది. నిజం చెప్పాలంటే మిరియానికి భయం వెయ్యనే లేదు. కానీ ఆగితే ఏమవుతుందో చూద్దామనుకుంది. ఆగింది. చెవులు నిలబెట్టింది. కళ్ళు గుండ్రంగా తిప్పింది.

"సీతాకోకచిలుకకి కూడానా? అంత పిరికిదానివేటే నా బంగారం?" అంటూ సన్నిబాబు చెయ్యి సంచిలోకి వెళ్ళింది.

ఇంకేం! మిరియానికి గుట్టు తెలిసిపోయింది.

ఇంటికొచ్చాక, పాకలో తనతో పాటు ఉండే గోరింకనీ మేకనీ కూర్చోబెట్టి కథలు కథలుగా చెప్పింది.

"నేను సన్నిబాబుకి ఒక పని నేర్పాను తెలుసా?"

"మనిషికి నువ్వు నేర్పావా?" అంది గోరింక.

"నేనే! చెవులు ఇలా నిలబెడితే చాలు, చెయ్యి సంచిలోకి పోతుంది. ఎంత తొందరగా పట్టేశాడో! తెలివైనవాడేలే."

"నాకూ ఆ విద్య చెప్పవే," అంది మేక ఆశగా. "నేను బెదిరితే నన్ను తంతారు."

"నువ్వు బెదిరినప్పుడల్లా ఎవరో ఒకరి ములక్కాడ మొక్క నీ నోట్లో ఉంటుంది. అందుకు!" అంది గోరింక.

మూలన నిలబడి గడ్డి నములుతున్న కుంకుడు అన్నీ వింది. "ఏమే ఆవాలూ, ఇలా రా," అని పిలిచింది. మిరియం పేరు సరిచెయ్యకుండానే వెళ్ళింది.

"ఒక మాట చెప్పు. సన్నిబాబు బెల్లం ఎప్పుడు పెడతాడు? నువ్వు నడిచినప్పుడా, ఆగినప్పుడా?"

"ఆగినప్పుడు."

"అయితే ఏం నేర్చుకున్నట్టు?"

"ఆగడం," అంది మిరియం. అని, కాస్త ఆలోచనలో పడింది. "కానీ అమ్మమ్మా, ఆయన ముద్దుగానే కదా పెడుతున్నాడు?"

"ముద్దుగానే. ఆ మొగుడూ పెళ్ళాలకి వేరే తెలీదు. కానీ చూడు, మనకీ మనుషులకీ మధ్య మాటల్లేవు. నువ్వు ఎంత సకిలించినా వాళ్ళకి సకిలింపే. ఇక్కడ ప్రమాదం ఉంది అని చెప్పడానికి గుర్రం దగ్గర ఒక్కటే మాట ఉంది, ఆగిపోవడం. ఆ ఒక్క మాటనీ బెల్లానికి ఖర్చు పెట్టేస్తున్నావే! నిజంగా చెప్పాల్సిన రోజు వస్తే ఏం చేస్తావు?"

"ఆ రోజు ఇంకా గట్టిగా ఆగుతాను."

"భలేదానివే!" అంది కుంకుడు. "ఇంకో మాట, మరిచిపోకముందే చెప్తున్నా. మన కాళ్ళకి పుట్టుకతో వచ్చింది పరుగు ఒక్కటే. భయం వేస్తే అవి మనల్ని అడగవు, పారిపోతాయి. భయం ఉన్నా కదలకుండా నిలబడడం మాత్రం నేర్చుకోవాలి. వీపు మీద మనిషి ఉన్నప్పుడు మరీను."

"సరే అమ్మమ్మా," అంది మిరియం. దాని మనసు మాత్రం బెల్లం మీదే ఉంది.

తర్వాత ఏమైందనుకున్నారు? మిరియం ఆరేసిన చీరకి ఆగింది. తన నీడకి ఆగింది. ఒకసారైతే ఎదురొచ్చిన మేకకి ఆగింది. ఆ మేక వాళ్ళింటిదే! "నన్ను చూసి భయమేంటే, సిగ్గులేదూ?" అంది మేక. "ఊరుకోవే, పని చేసుకోనీ," అని మిరియం గొణిగింది.

సన్నిబాబు సంతకి చేరేసరికి మంచి బేరాలన్నీ అయిపోయేవి. అక్కడివాళ్ళు వేళాకోళం చేసేవారు.

"ఏం సన్నిబాబూ! ఈవేళ నువ్వు గుర్రాన్ని తోలుకొచ్చావా, గుర్రం నిన్ను తోలుకొచ్చిందా?"

"అదిగదిగో, బెల్లానికి బెదిరే గుర్రం వస్తోంది, దారివ్వండి!"

సన్నిబాబు తల దించుకునేవాడు. ఇంటికొచ్చి చెబితే చిలకమ్మ పడీపడీ నవ్వేది. "పోనీలే. పసిది. బెల్లం తింటే తిననీ," అనేది.

ఇంతలో వానాకాలం వచ్చింది. ఎడతెరిపి లేని వాన. చిలకమ్మకి చలిజ్వరం పట్టుకుంది. మొదట దుప్పటి కప్పుకుని పడుకుంది. తగ్గలేదు. కషాయం తాగింది. తగ్గలేదు. ఒక పొద్దున మనిషిని గుర్తుపట్టకుండా ఏవేవో మాట్లాడడం మొదలుపెట్టింది. సన్నిబాబు హడలిపోయాడు. కింద ఊళ్ళో ఆసుపత్రి ఉంది. సూది పడితేగాని బతకదని ఇరుగుపొరుగు అన్నారు.

మిరియం వీపు మీద, అడ్డాకుల మోపులుండే చోట చిలకమ్మని కూర్చోబెట్టాడు. పడిపోకుండా దుప్పటితో నడుం చుట్టూ కట్టాడు. దారిలో ఒక బరిక విరిచి చేత్తో పట్టుకున్నాడు. మిరియాన్ని కొట్టడానికి ఏదైనా పట్టుకోవడం అతనికి అదే మొదలు.

"ఈవేళ నీ ఆటలు సాగవు మిరియం," అన్నాడు. "ఎక్కడా ఆగకు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

మిరియం ఆగలేదు. గొడుగులు ఎదురొచ్చాయి, ఆగలేదు. వీపు మీద చిలకమ్మ ఒళ్ళు నిప్పులా కాలుతోంది. ఆ వేడి మిరియానికి తెలుస్తోంది. గబగబా నడిచింది.

సగం దారిలో ఒక కొండవాగు. దాని మీద దుంగలు పరిచి మట్టి కప్పిన వంతెన. రోజూ దాటేదే. వాన నీళ్ళు కింద ఎర్రగా పొంగుతున్నాయి. పైకి చూస్తే వంతెన ఎప్పటిలాగే ఉంది.

మిరియం ముందు కాలు మోపింది. మోపిన చోట నేల ఎప్పటిలా లేదు. లోపలెక్కడో మట్టి జారుతున్నట్టు సన్నగా గిట్టకి తగిలింది. మనిషి చెవికి వినబడని చప్పుడొకటి దాని చెవికి వినబడింది.

కాలు వెనక్కి తీసుకుంది. చెవులు నిక్కబొడుచుకుంది. ఆగిపోయింది.

"ఇప్పుడా?" అని అరిచాడు సన్నిబాబు. "దీనికి ఇదా సమయం?" పగ్గం పట్టి లాగాడు. మిరియం కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. నాలుగు గిట్టలూ బురదలో దిగబడ్డాయిగానీ కదల్లేదు.

దాని కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. వెనక్కి తిరుగు, ఇంటికి పరిగెత్తు అంటున్నాయి. పరిగెడితే చిలకమ్మ పడిపోతుంది. పగ్గం ముందుకి రమ్మంటోంది. ముందుకి వెళితే ముగ్గురూ వాగులోకి పోతారు. "ఇంకా గట్టిగా ఆగుతాను" అని తనే అంది ఒకప్పుడు. ఎంత గట్టిగా ఆగినా సన్నిబాబు కళ్ళకి అది పాత ఆగడంలాగే ఉందని ఇప్పుడు తెలిసింది.

సన్నిబాబు బరిక ఎత్తాడు.

"కొట్టకయ్యా," అంది పైనుంచి చిలకమ్మ. జ్వరంలో ఉన్నా ఆ మాట ఎలాగో వచ్చింది. "అదేటి అడిగిందో పెట్టెయ్. పోదాం."

సన్నిబాబు సంచిలోంచి బెల్లం తీశాడు. చిన్న ముక్క కాదు, ఉన్నదంతా. మిరియం మూతి దగ్గర పెట్టాడు. "ఇదిగో. తిను. తిని నడు."

మిరియం తినలేదు.

ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. పళ్ళు బిగుసుకుపోయాయి. బెల్లం అంటే పడిచచ్చే మిరియం మొహం పక్కకి తిప్పేసుకుంది. బెల్లం బురదలో పడింది. దానివైపు చూడను కూడా లేదు. వంతెనకేసే చూస్తోంది.

సన్నిబాబు బరిక దించేశాడు. ఇన్నాళ్ళలో మిరియం ఆగి బెల్లం తినని రోజు లేదు. అతను మిరియం మెడ మీద చెయ్యి వేశాడు. చెమటతో తడిసిపోయి ఉంది. చర్మం కింద వణుకు అతని అరచేతికి తెలిసింది.

"ఇది నాటకం కాదే చిలకా," అన్నాడు మెల్లగా.

పక్కనున్న పెద్ద బండరాయిని రెండు చేతులా దొర్లించి వంతెన మీదికి తోశాడు. రాయి నడిమధ్యకి వెళ్ళిందో లేదో, దుంగలు పుల్లల్లా విడిపోయాయి. మట్టీ రాయీ వంతెనా అన్నీ కలిసి ఎర్రనీళ్ళలో కొట్టుకుపోయాయి.

సన్నిబాబు మిరియం ముట్టెకి తన నుదురు ఆనించి కొంచెంసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత పగ్గం లాగకుండా వదులుగా పట్టుకుని, "నువ్వే చూపించవే తల్లీ, ఎటు పోదాం?" అన్నాడు. మిరియం వాగు పక్కనే పైకి ఎక్కింది. రాళ్ళ మధ్య నీళ్ళు పలచగా పారే చోట, ఒక్కో అడుగూ తడిమి చూసుకుంటూ దాటింది. పొద్దు నడినెత్తికి రాకముందే ఆసుపత్రికి చేరారు. చిలకమ్మకి సూది పడింది. జ్వరం దిగింది. కొన్నాళ్ళకి లేచి తిరిగింది. లేచీ లేవగానే ఉలవలు నానబెట్టింది.

పాకలో మిరియం కుంకుడు పక్కన చేరింది.

"అమ్మమ్మా, ఆ రోజు బెల్లం ఎందుకు తినలేకపోయానో నాకే తెలీదు. నోరు తెరుచుకోలేదు."

"నిజంగా భయం వేస్తే ఏ గుర్రమూ తినదే. అది నీకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది. కానీ కాళ్ళు పారిపోదామంటే ఆపి నిలబెట్టావే, అది నేర్చుకున్నది. ఎవరు నేర్పారో మరి."

"నువ్వే, అమ్మమ్మా!"

"నేనా?" కుంకుడు చాలాసేపు ఆలోచించింది. "గుర్తు లేదు. అయినా నీకు గుర్తుంది కదా, చాలు."

సన్నిబాబు కూడా మిరియానికి మళ్ళీ మొదటినుంచి నేర్పడం మొదలుపెట్టాడు. ఎండుటాకుల మోపు కట్టి, గలగలమన్నా మిరియం నడిస్తేనే బెల్లం పెట్టేవాడు. ఆగితే తిట్టడు, కొట్టడు, పెట్టడు. మిరియం మొదట అలిగింది. "నేను కష్టపడి నేర్పిందంతా మరిచిపోయాడు," అని గోరింకతో చెప్పుకుంది. కానీ నడవడానికీ బెల్లం వస్తుందని తెలిశాక, అలక ఎంతసేపుంటుంది? ఆకు గలగలమంటే ఇప్పటికీ దాని చర్మం జలదరిస్తుంది. అది పోదు. పోకూడదు కూడా. జలదరించి, నడుస్తుంది.

ఎప్పుడో అరుదుగా, దారి మధ్యలో ఆగుతుంది. అప్పుడు సన్నిబాబు పగ్గం లాగడు. సంచి వైపు చెయ్యి పోనివ్వడు. తనూ ఆగి, ముందు దారి వైపు చూస్తాడు.

నీతి: ఉత్తుత్తి భయం చూపించి లాభం పొందేవాడికి, నిజంగా భయం వేసిన రోజు చెప్పుకోవడానికి మాట మిగలదు.