పదిహేడు కుడికి వెళ్లిన రోజు

ఒకానొక రాజ్యంలో తనకు తెలియనిది లేదనుకునే రాజొకడు ఉండేవాడు. రాజ్యం పేరు చెప్పను, ఎందుకంటే ఆ రాజును నేనే.

నా ఆస్థానంలో కుందమ్మ అనే విదుషి ఉండేది. పాత ఏనుగుల శాలలో ఊరి ఆడపిల్లలను పోగుచేసి, వరుసగా ఆలోచించడం నేర్పుతున్నానని చెప్పేది. ఒకనాడు వెళ్లి చూద్దును గదా, పిల్లలు నేల నిండా ముగ్గు వేసి, ఆ గీతల మీద నవ్వుకుంటూ నడుస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇది ఆటే గాని చదువు కాదని, శాలను గుర్రాలకు ఇచ్చేస్తున్నానని చెప్పాను.

కుందమ్మ వాదించలేదు. ఒక్కసారి పరీక్షించమంది. తప్పు దొరికితే శాల గుర్రాలదేనని ఒప్పుకుంది.

ఆట ఇది. ఆరుగురు తలా ఒక అంకె రాసిన తాటాకు పట్టుకుని ముగ్గు ఈ కొస నుంచి బయలుదేరాలి. రెండు గీతలు కలిసిన చోటల్లా ఇద్దరు ఎదురుపడతారు. ఆకులు పోల్చుకుని చిన్న అంకె ఎడమకు, పెద్ద అంకె కుడికి సాగిపోవాలి. అంతే. అవతలి కొసకు చేరేసరికి అంకెలన్నీ వరుసలో నిలబడతాయట.

ఆ రోజు ఒక పిల్లకు జ్వరం. ఆరో మనిషి కావాలి. తమకు కష్టమైతే మంత్రిగారిని పిలుస్తానంది కుందమ్మ, ఎంతో వినయంగా. ఆ మాటతో నేనే దిగాను. నాకు పదిహేడు వచ్చింది.

చిట్టచివరి కూడలిలో కుమ్మరివారి పోలమ్మ ఎదురైంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆమె ఆకు మీద ఇరవై మూడు. నేను ఎడమకు తిరగాలి. కాని ముప్పై ఏళ్లుగా ఎవరికీ దారి ఇవ్వని కాళ్లు నావి. అవి కుడికే నడిచాయి. పోలమ్మ ఒక్క క్షణం నిలబడి, మిగిలిన గీత మీద వెళ్లిపోయింది.

వరుస చెడింది. రేపే గుర్రాలు వస్తాయని ప్రకటించాను, యుద్ధం గెలిచినవాడిలా.

పిల్లలు బెదరలేదు. మళ్లీ మొదటి నుంచి ఆడనూ లేదు. ఎవరు ఆఖరున ఎవరిని ఎక్కడ కలిశారో అక్కడికి వెనక్కి నడిచి, ఒక్కొక్క జంటే ఆకులు చూపించుకున్నారు. చివరికి నేనూ పోలమ్మా మిగిలాం.

"మహారాజా, ముగ్గులో తప్పు లేదండి. ఇక్కడ పదిహేడు కుడికి వెళ్లింది" అంది పోలమ్మ.

"అంటే నేను తప్పు నడిచానంటావా?" అని కళ్లెర్రజేశాను.

కుందమ్మ చేతులు జోడించింది. "లేదు ప్రభూ. తమరు రాజులాగే నడిచారు. అక్కడ నడవాల్సింది పదిహేడు."

నా వెంట వచ్చి గోడవార నిలబడ్డ మంత్రి నవ్వాపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుకు పిల్లలు నవ్వారు. ఇంకేం చేయను, నేనూ నవ్వాను. కుందమ్మకు పట్టుశాలువ కప్పి, ఏనుగుల శాలతో పాటు దాని పక్క శాల కూడా పిల్లలకే రాసిచ్చాను.

మర్నాడు మళ్లీ ఆడతానని వెళ్లాను. కిరీటం తీసేసి రమ్మన్నారు. ఆ రోజు నా ఆకు మీద నాలుగు పడింది. ఎదురైన ప్రతివారికీ దారి ఇస్తూ ఎడమకే నడిచాను. వరుస సరిగ్గా కుదిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కొంచెం కోపం వచ్చింది, అబద్ధమెందుకు.