మంజుస్వన తడిగోడ

పూర్వం సుదర్భుడనే మహారాజు ధర్మం తప్పక భూమిని ఏలుతున్న కాలంలో, తుంగభద్రాతీరాన వెలసిన ఒక గానశాలకు ఆచార్యురాలైన మంజుస్వనకు సకల సౌభాగ్యాలతోపాటు ఒక్క దుఃఖం ఉండేది. ఆ దుఃఖం పేరు దృఢకంఠ మహర్షి. నిత్యాగ్నిహోత్రుడూ, సామగాన విశారదుడూ, జితేంద్రియుడూ అయిన ఆ మహానుభావుడు ఆమెకు మామగారు. ఇంద్రియాలన్నిటినీ జయించినవాడు నాలుకను మాత్రం ఎందుకు విడిచిపెట్టాడో ఆమెకు అంతుపట్టేది కాదు. పప్పులో ఉప్పు దగ్గరనుంచి శిష్యుల శ్రుతి దాకా ఆయన వంక పెట్టని వస్తువు లేదు. తాను పొరబడ్డానని ఆయన అనగా విన్నవాళ్లు మూడు లోకాల్లోనూ లేరు. ఎప్పుడైనా సంధ్యావందనానికి ఆలస్యంగా లేస్తే, ఆనాడు సూర్యుడు తొందరపడ్డాడనేవాడు.

ఆయన కుమారుడు హిమవత్పర్వతానికి తపస్సుకు పోయి, చుట్టూ పుట్ట పెరిగినా చలించక కూర్చుండిపోగా, గానశాల భారమంతా కోడలిమీద పడింది. పుట్టలో ఉన్నవారికి ఇంటి మాటలు వినిపించవు. ఆ సంగతి తెలిసే వెళ్లారేమోనని మంజుస్వనకు ఒక అనుమానం.

గాన విద్యలో ఆమెకు సాటి లేదు. పాఠమంటే విసుగూ లేదు. కాని పుట్టింట బాల్యంలో నేర్చిన చిత్రలేఖనం ఆమె వేళ్లను విడిచిపోలేదు. అత్తవారింట ఖాళీగా కనిపించిన గానశాల గోడకు సున్నం పూసి, ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచె పట్టి, బొమ్మలు వెయ్యసాగింది. ఆ విద్యకు ఒక నియమముంది. పూత తడిగా ఉన్నంతసేపే గోడ రంగును లోపలికి పీల్చుకుంటుంది. ఆరిన తరువాత వేసిన రంగు మర్నాటికి పొడిపొడిగా రాలిపోతుంది. రాత్రి పూసిన సున్నం బ్రాహ్మీముహూర్తానికి రంగుకు సిద్ధమై, ఎండ ఎక్కేసరికి ఆరుతుంది. గానపాఠానికీ ఆ ముహూర్తమే శాస్త్రవిహితం. రెండు విద్యలూ ఒకే ఘడియను కోరాయి.

అందుచేత ఆమె శిష్యులను వెనుక కూర్చోబెట్టుకుని, తాను గోడవైపు తిరిగి, చేతిని బొమ్మకూ చెవిని పాఠానికీ అప్పగించింది. “రెండో వరుసలో గాంధారం జారింది. మళ్లీ అనండి,” అనేది, తల తిప్పకుండానే.

ఇది చూడరాని వారి కంటనే పడింది.

“ఏమ్మా, గురువుకు వీపు కూడా ఉంటుందని శిష్యులకు చూపిస్తున్నావా?” అన్నాడు దృఢకంఠుడు.

“పాట నేర్చేది చెవితోనే కదా మామగారూ, ముఖంతో పనేముందని.”

“మా తాతగారి నాటినుంచి గురువు చేతి తాళం చూస్తూ పాడడమే ఇక్కడి ఆచారం. నీ చేతిలో తాళమేదీ? ఉడుత తోక ఉంది.”

“దానికీ ఒక లయ ఉంటుంది మామగారూ.”

ఆ జవాబు నోట్లోనే ఉంచుకుని ఉంటే బాగుండేదని ఆమెకు వెంటనే తోచింది. అప్పటికే మహర్షి కమండలూదకాన్ని అరచేతిలోకి తీసుకుని, కనుబొమలు ముడిచి, “దిక్పాలకులు విందురు గాక. తుంబురుడు మన శిష్యుల గానాన్ని పరీక్షించడానికి వచ్చిననాడు ఈ బొమ్మ మూలాన ఈ శాలలో ఒక్క తాళం తప్పినా, ఆ కుంచె నదిలో కలుస్తుంది. ఈ అమ్మాయి చెయ్యి మళ్లీ రంగు ముట్టదు,” అని నీళ్లు నేలమీద విడిచాడు. ముని పలికిన మాట. పలికినవాడు తప్ప ఇంద్రుడైనా వెనక్కి తియ్యలేడు. పలికినవాడా, ఆయన.

మంజుస్వనను బాధించింది శాపం ఒక్కటే కాదు. అంతకు కొన్నాళ్ల ముందు, గోడమీద కొంగకు కన్ను దిద్దుతూ, శిష్యులు పాడిన ఒక చరణమంతా ఆమె వినలేదు. వినలేదన్న సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ముసలాయన మాటలో నిజముందేమో, రెంటిలో ఒకటి కొద్దికొద్దిగా చెడుతోందేమో అన్న శంక ఆమెను వదలలేదు. అయినా పాఠం మానలేదు, గోడా మానలేదు. నిద్ర మాత్రం కొంత మానింది.

పరీక్షాదినాన అశ్వముఖుడూ, గంధర్వశ్రేష్ఠుడూ అయిన తుంబురుడు కలావతీవీణను భుజాన ధరించి, దివినుంచి దిగివచ్చి ఉచితాసనం అలంకరించాడు. శిష్యులు గోడకు వీపులు పెట్టి కూర్చున్నారు. వంశంలో పెద్దవాడు ఎదురుగా కూర్చుని తాళం వెయ్యడం అక్కడి మర్యాద కనుక, ఆ భారం దృఢకంఠుడిదే అయింది. చూస్తే ఒప్పుకున్నట్టవుతుందని అంతవరకూ ఆ గోడవైపు కన్నెత్తని మహర్షికి ఇప్పుడు కన్నెత్తక గత్యంతరం లేకపోయింది.

శిష్యులు వాగ్దేవిని స్తుతిస్తూ గానం ఆరంభించారు. మహర్షి తాళం వేస్తూ గోడను చూశాడు. గోడమీద నది. నదిలో ఒంటికాలిమీద కొంగ. దాని ముక్కు కింద, నీటిలోంచి సగం పైకి లేచిన చేప. ముక్కుకూ చేపకూ నడుమ వడ్లగింజంత ఎడం. ఆయన చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. చేప ఇంకా చిక్కలేదు, తప్పించుకోనూ లేదు. తాళం కోసం పైకెత్తిన చెయ్యి పైననే ఉండిపోయింది.

శిష్యులు ఆగలేదు. చరణాలన్నీ ముగించి, అందరూ లయ తప్పక ఒక్కచోటే పాట నిలిపారు.

తుంబురుడి చెవులు మహర్షివైపు తిరిగాయి. “చెయ్యి దించండి మహర్షీ. పాట అయిపోయింది.”

దృఢకంఠుడు ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటునే వాదంగా మార్చుకుని, “చూశారు కదా గంధర్వోత్తమా. బొమ్మ మూలాన తాళం తప్పింది. నేను మొదటే చెప్పాను,” అన్నాడు.

“తప్పింది మీకు కదా.”

“ఎవరికైతేనేం. తప్పింది.”

శాపవాక్యం ప్రకారం అది నిజమే. ఎవరూ అడగకముందే మంజుస్వన కుంచెను కడిగి తెచ్చి మామగారి ముందు ఉంచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

తుంబురుడు శిష్యులను అడిగాడు. “తాళం ఆగింది. మీరెందుకు ఆగలేదు?”

ముందు వరుసలోని నందయంతి అనే శిష్యురాలు లేచి నమస్కరించింది. “మాకు చెయ్యి చూసే అలవాటు లేదు స్వామీ. అమ్మగారు గోడవైపే ఉంటారు. అందుకని ఒకరినొకరు వింటూ పాడతాం.”

ఇకిలింపో నవ్వో తెలియని ధ్వని ఒకటి తుంబురుడినుంచి వెలువడింది. “అమ్మా మంజుస్వనా, స్వర్గంలో నేను ఒక్కసారి తల తిప్పితే నా శిష్యులు పాట ఆపేస్తారు. సంతోషించాను. నీ పాఠం ముగిసేదాకా నీ గోడ తడి ఆరకుండుగాక.”

“తడి అనుగ్రహించారు స్వామీ. మరి కుంచె?”

“అది నా వశం కాదు తల్లీ. అన్నవారే వెనక్కి తీసుకోవాలి. అదీ మనసులో అనుకుంటే చెల్లదు. తప్పు ఒప్పుకుని, పదిమందీ వినేట్టు పైకి అనాలి.”

దృఢకంఠుడు గొంతు సవరించుకుని, “గాలికి దీపం రెపరెపలాడి...” అని మొదలుపెట్టాడు. పట్టపగలు దీపమేదని ఎవరూ అడగలేదు. ఆయనే మానుకున్నాడు. కొంతసేపు గోడవంక చూశాడు.

“ఇంతకీ ఆ చేప దొరుకుతుందా?”

“నాకూ తెలియదు మామగారూ. గోడ ఇంకా మిగిలి ఉంది.”

మహర్షి కుంచెను అందుకుని, ఏ కొన పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పి, కోడలి ముందుకు చాచి, సామగానం చేసే ఆ కంఠంతోనే చివరి వరుసదాకా వినబడేట్టు పలికాడు.

“తప్పు నాదే, అమ్మాయీ.”