చిలుక నోట 'మనం'

అనగనగా ఒక రాజు కాదర్రా, ఏకంగా అయిదుగురు రాజులు! అయిదుగురూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఒకరి వడ్లు ఒకరికి, ఒకరి బట్ట ఒకరికి, సుంకం లేదు, తగువు లేదు. బాగానే ఉంది. కానీ బయటివాళ్ళు వచ్చిపడతారేమోనని బెంగ పట్టుకుంది. కరాళుడనే మాంత్రికుడు "ఆ దిగులు నాకొదిలేయండి" అని అయిదు రాజ్యాల చుట్టూ ఆకాశమంత గోడ లేపాడు. దానికి ఒకటే ద్వారం. ద్వారం మీద ఒక చిలుక.

గోడ అవతల, సముద్రపొడ్డున ఉప్పుసీమ. అక్కడ ఉప్పు తప్ప గింజ పండదు. ఇన్నాళ్ళూ ఉప్పిచ్చి వడ్లు తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు పిల్లలు గంజినీళ్ళకి కూడా ఏడుస్తున్నారు, పాపం. పోనీ లోపలివాళ్ళు సుఖపడ్డారా? ఉప్పులేని పులుసు, ఉప్పులేని పచ్చడి! తెరవమంటే ఆ ద్వారం రాజుల మాట కూడా వినలేదు.

ఉప్పుసీమ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ముత్యాలు పట్టుకుని వెళ్ళాడు.

"ఎవరు మీరు?" అంది చిలుక.

"మేము ఉప్పుసీమవాళ్ళం."

"మీరు మీరే, మేము మేమే!" అంది చిలుక. అంతే, పెద్దవాడు రాయైపోయాడు.

రెండోవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. అదే ప్రశ్న, అదే జవాబు. వాడూ రాయైపోయాడు.

మూడోవాడు కీర్తిసేనుడు ప్రయాణం కడితే తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నువ్వు కూడానా, నాయనా?"

"అన్నయ్యల్ని తీసుకొస్తానమ్మా" అన్నాడు.

వెంట ఉప్పు మోసే ముసలి గాడిద. దారిలో దాని వీపు పుండుపడిందని చూసి, జాలిపడి, మూట తన భుజాన వేసుకున్నాడు. గాడిద నోరు విప్పింది.

"ఎన్నో రోజులు ఆ ద్వారం ముందు నిలబడ్డాను బాబూ. మాంత్రికుడి ప్రాణం ఆ చిలుక పలికే 'మేము'లో ఉంది. బయటివాణ్ణి కలుపుకుని అది 'మనం' అందా, ఆ మాంత్రికుడి పని సరి!"

కీర్తిసేనుడు ద్వారం ముందు చతికిలబడ్డాడు. పక్కనున్న జామచెట్టు నుంచి దోరకాయ కోసి, ఉప్పద్దుకుని, కసుక్కున కొరికాడు.

"ఎవరు మీరు?" అంది చిలుక. కీర్తిసేనుడు పలకలేదు. "ఎవరు మీరు?" పలకలేదు. మూడోసారికి గొంతు మెత్తబడింది. "ఏమిటది?"

"జామకాయ. ఉప్పద్దుకున్నా."

"మాకో ముక్క పెట్టవూ?"

"'మాకు' అంటే మరి నేనో? ఒక్కణ్ణీ తినబుద్ధి కావడం లేదు. ఇలా వచ్చి కూచో. ఎవరం తిందామో నువ్వే చెప్పు."

చిలుకకి నోరూరిపోయింది. "సరే సరే, మనం తిందాం!"

ఢామ్మని గోడ కూలింది. మాంత్రికుడు పిడికెడు బూడిదయ్యాడు. చిలుకకేం కాలేదు, బెంగపడకండి. రాళ్ళయిన అన్నలు కళ్ళు నులుముకుంటూ లేచారు. లోపలినుంచి పెద్దరాజు కూతురు హేమవల్లి అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి, మూటలో వేలు పెట్టి నాకి, "అమ్మయ్యా, ప్రాణం లేచొచ్చింది!" అంది. కీర్తిసేనుడు పకపకా నవ్వాడు. పెళ్ళి అక్కడే కుదిరిపోయింది.

ఆ సాయంత్రమే వడ్లబళ్ళు అటు, ఉప్పుబళ్ళు ఇటు కదిలాయి. రాజులు సిగ్గుపడి, ఒప్పందంలో 'మా రాజ్యాలు' అన్నచోటల్లా 'మన రాజ్యాలు' అని దిద్దారు. కీర్తిసేనుడూ హేమవల్లీ మనవల పెళ్ళిళ్ళు చూసేదాకా చల్లగా ఏలారు.

ఇప్పటికీ ఆ సీమలో జామకాయ కోసినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళని "తింటారా?" అని అడగరు. "రండి, తిందాం" అంటారు.