సోంబ్రు, జాజి, రాజుగారి గుర్రప్పిల్ల

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక కొండ. ఆ కొండ వాలులో నాలుగంటే నాలుగే గుడిసెలు. అందులో ఒకటి సోంబ్రుది, మిగతావి వాగుకు అవతల లింగువి, అతని అన్నదమ్ములవి. అతని పెళ్లాం పేరు సుక్రి.

కొండ మీద బండ్లు తిరగవు కదా పిల్లలూ. పసుపైనా మిరియాలైనా సంతకు చేరాలంటే గుర్రం మీదే చేరాలి. సోంబ్రు గుర్రాలు పెంచేవాడు. పిల్లలు పుడితే సాకి, నడక నేర్పి, సంతలో అమ్మేవాడు. ఆ పిల్లలన్నిటికీ తల్లి జాజి. తెల్లటి గుర్రం. అప్పటికి తొమ్మిది ఈతలు ఈనింది. తొమ్మిదో పిల్లకు ఇంకా నెల కూడా నిండలేదు.

ఒక ఏడు వాన పట్టుకుంది. మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు తెల్లవారుతుండగా కొండచరియ విరిగి పడింది. గుర్రాల సావిడి మట్టిలో కలిసిపోయింది. మగ గుర్రం పోయింది. జాజి పిల్లా పోయింది. జాజి మాత్రం వాలు మీద జారుకుంటూ వెళ్లి కింద గెడ్డలో, అదే ఆ వాగులో, పడింది. ఛాతీ దాకా బురదలో కూరుకుపోయింది.

సోంబ్రు పగ్గం తీసుకుని పరుగున దిగాడు.

"వచ్చావా సోంబ్రూ!" అంది జాజి.

"వచ్చాను, వచ్చాను. భయపడకు," అన్నాడు.

పగ్గం దాని మెడకిందుగా వేసి లాగాడు. అరచేతులు కోసుకుపోయాయి. జాజి జానెడు కూడా కదలలేదు.

"ఒక్కడివి చాలవు. అవతలి గట్టు మీద లింగు ఉన్నాడు కదా, అతని అన్నదమ్ములున్నారు. నలుగురు పట్టు పడితే వచ్చేస్తాను. కాళ్లు బాగానే ఉన్నాయి," అంది జాజి.

"ఇప్పుడే పిలుచుకొస్తా. ఓపిక పట్టు," అని సోంబ్రు గట్టెక్కాడు. అప్పుడు అతని మనసులో వేరే ఆలోచన ఏదీ లేదు.

సగం దారిలో డప్పు చప్పుడు వినపడింది. రాజుగారి మనిషి చాటింపు వేస్తున్నాడు.

"వినండహో! వానకు గుర్రాలు పోగొట్టుకున్నవాళ్లంతా వినండి! గుర్రాలన్నీ పోయిన ఇంటికి రాజుగారి శాల నుంచి ఒక గుర్రం ఇస్తారు. ఒక్క గుర్రమైనా మిగిలిన ఇంటికి మూడు నెలల పాటు ఉలవలు, గడ్డి ఇస్తారు. ఎల్లుండి అధికారి వస్తాడు. కళ్లతో చూసి రాసుకుంటాడు!"

సోంబ్రు అక్కడే నిలబడిపోయాడు.

"జాజికి వయసు మళ్లింది. ఇంకో ఈతో, రెండు ఈతలో. మూడు నెలల ఉలవలు తిన్నాక మళ్లీ నా బతుకు మామూలే. రాజుగారి శాలలో గుర్రమంటే మాటలా! పదేళ్లు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు," అనుకున్నాడు.

ఎదురుగా లింగు గుడిసె మీద పొగ లేస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు. సోంబ్రు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. వెనక్కి తిరిగి ఇంటికి పోయాడు.

"జాజి ఏదయ్యా?" అని అడిగింది సుక్రి.

"పోయింది," అన్నాడు సోంబ్రు.

సుక్రి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సోంబ్రు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు ఉండబట్టలేక మళ్లీ గెడ్డ దగ్గరికి వెళ్లాడు. కిందికి దిగలేదు. గట్టు మీది నుంచే చూశాడు. బురద జాజి మెడ దాకా వచ్చింది. అడుగుల చప్పుడు విని అది చెవులు నిక్కించింది.

"సోంబ్రూ, మనుషులు వస్తున్నారా?"

"వస్తున్నారు."

"పొదుగు సలుపుతోంది. నా పిల్ల ఎలా ఉంది?"



"బాగానే ఉంది," అన్నాడు.

"ఆకలితో ఉంటుంది. కాస్త త్వరగా రమ్మను వాళ్లని," అంది జాజి.

సోంబ్రు చెవులు మూసుకుని అక్కణ్నుంచి వచ్చేశాడు.

ఆ మర్నాడు అతను అధికారిని వెంటబెట్టుకుని వెళ్లాడు. అప్పటికి జాజి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. అధికారి తాటాకు తీసి రాసుకున్నాడు.

"అన్నీ పోయాయి. పాపం," అన్నాడు.

అధికారి ఎక్కి వచ్చిన కంచరగాడిద మాత్రం కిందికి వంగి బురదను వాసన చూసింది.

"ఇక్కడ మూతితో గీరిన గుర్తులున్నాయి. కొన్ని పచ్చిగానే ఉన్నాయి. ఇది చాలాసేపు బతికే ఉంది కదూ?" అని సోంబ్రును మెల్లగా అడిగింది.

"నాకేం తెలుసు?" అన్నాడు సోంబ్రు.

కంచరగాడిద అతని మొహం వంక చూసి, తల అటు తిప్పుకుంది.

సోంబ్రు కొత్త గుర్రం కోసం చోటు చదును చేశాడు. నాలుగు గుంజలు పాతి పైన ఆకులు కప్పాడు. చరియ పడిన ఐదో రోజున రాజుగారి మనుషులు వచ్చారు. వాళ్ల వెనకాల తూలుతూ ఒక గుర్రప్పిల్ల వచ్చింది. దానికి ఇరవై రోజులుంటాయేమో.

"గుర్రం ఏదీ?" అన్నాడు సోంబ్రు.

"ఇదే. చాటింపు వేసిన రాత్రే రాజుగారి శాల కూడా మునిగిపోయింది. పెద్దవన్నీ కొట్టుకుపోయాయి. మెరక మీది దొడ్డిలో ఉన్న పిల్లలు మాత్రం తల్లి లేకుండా మిగిలాయి. మాట ఇచ్చాక తప్పరు కదా మన రాజుగారు!" అన్నారు వాళ్లు.

"దీనికి పాలెవరిస్తారు?"

"పిల్ల పోయిన తల్లి గుర్రం ఎవరింట్లో ఉంటే, వాళ్లకు ఉలవలతో పాటు ఒక పిల్లను కూడా ఇస్తున్నాం. అక్కడ చింత లేదు. నీకు తల్లి గుర్రం లేదని రాసి ఉంది. ఎలాగో సాకు," అని చెప్పి వెళ్లిపోయారు.

సోంబ్రు గెడ్డ వైపు చూశాడు.

గుర్రప్పిల్ల అటూ ఇటూ చూసింది. "అమ్మ ఎక్కడ?" అని అడిగింది.

సుక్రి మేకపాలు తెచ్చి గుడ్డతో పట్టింది. పిల్ల కక్కేసింది. గంజి పలచన చేసి పట్టింది. మూతి తిప్పుకుంది. ఉలవలు ఉడికించి ఆ కట్టు పట్టింది. రెండు గుక్కలు తాగగానే విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి లేచి నిలబడలేకపోయింది.

"అమ్మ వస్తుందా?" అని పడుకునే అడిగింది.

సోంబ్రు ఇంక కూర్చోలేకపోయాడు. పిల్లను భుజాల మీద వేసుకుని, గెడ్డ దాటి, లింగు ఇంటికి వెళ్లాడు. లింగు ఇంట్లో గన్నేరు అనే ఆడగుర్రం ఉంది. గన్నేరు జాజికి చెల్లెలు. అది తన పిల్లకు పాలిస్తోంది.

"గన్నేరూ, దీనికి కాసిని పాలివ్వు," అన్నాడు సోంబ్రు.

"నా పాలు నా బిడ్డకే చాలీ చాలకుండా ఉన్నాయి. అయినా మా అక్క ఎలా పోయింది? మట్టి కింద పడి వెంటనే పోయిందా? బాధ పడిందా?" అని అడిగింది గన్నేరు.

అవును, వెంటనే పోయింది అంటే సరిపోయేది. భుజాల మీద పిల్ల రొప్పుతోంది. దాని ఊపిరి సోంబ్రు మెడకు తగులుతోంది.

"లేదు. రెండు రోజులు బతికే ఉంది. నన్ను పిలిచింది. రాజుగారు కొత్త గుర్రం ఇస్తారని నేనే వదిలేశాను," అన్నాడు.

గన్నేరు తన పిల్లను పక్కకు జరిపింది. తర్వాత, "పిల్లను దించు," అంది.

పిల్ల తడుముకుంటూ వెళ్లి పొదుగు పట్టుకుంది. గన్నేరు కళ్లు మూసుకుని నిలబడింది.

"దీని తప్పేం లేదు. ఇది ఇక్కడే ఉంటుంది. నువ్వు మాత్రం మళ్లీ నా కళ్లబడకు," అంది.

లింగు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఒరే సోంబ్రూ, నీ గట్టు మీద దగ్గితే నా గట్టు మీద వినపడుతుంది కదరా! ఒక్క కేక వెయ్యలేకపోయావా?" అన్నాడు.

సోంబ్రు తల దించుకుని ఇంటికి వచ్చాడు.

"పిల్ల బతుకుతుందా?" అని అడిగింది సుక్రి.

"బతుకుతుంది. లింగు ఇంట్లో బతుకుతుంది," అన్నాడు. ఆ తర్వాత జాజి సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు.

సుక్రి తిట్టలేదు. ఏడవలేదు. ఆ పూట పొయ్యి కూడా వెలిగించలేదు.

నీతి: నష్టానికి సాయం వస్తుందని నష్టాన్నే కోరుకున్నవాడికి, ఆ సాయమూ దక్కదు, ఉన్నదీ మిగలదు.