ఇసుక మూట బరువు

ఈరన్నకు తాళంచెవి కావాలి. అదీ అతని బాధ. తుంగభద్ర ఒడ్డున ఒక పోలీసు పటాలంలో తుపాకుల గదిని ముప్పై ఏళ్లుగా చూసుకుంటున్న ఖాజా ఉస్తాద్ ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన నడుముకు వేలాడే తాళంచెవి ఎవరి చేతికి పోతుందో ఇంకా నోరు విప్పలేదు. ఆరేళ్లు శిష్యరికం చేసిన ఈరన్నకు అన్నం సయించడం లేదు.

ఆ పొద్దు ఉస్తాద్ ఒక సైలెన్సర్ ఇచ్చి శుభ్రం చేయమన్నాడు. తుపాకి మూతికి బిగించే గొట్టం అది. మోతను మింగుతుంది. మోతతో పాటు మసినీ మింగుతుంది. లోపల వరసగా పేర్చిన గిన్నెల్లాంటి అరల్లో ఆ మసి రాయిలా గట్టిపడుతుంది.

ఈరన్న ఊరుకుంటాడా? విడదీసి, నూనెలో నానబెట్టి, బ్రష్షుతో తోమాడు. మసి పోయింది గానీ మచ్చలు పోలేదు. అక్కడితో ఆపడమే ఉస్తాద్ నేర్పింది. అయినా పంతం కొద్దీ గరుకైన ఉప్పుకాగితం తెచ్చి మధ్యాహ్నం దాకా రుద్దాడు. గిన్నెలు పెళ్లివారి వెండి సామానులా మెరిశాయి.

“ఇంత శుభ్రంగా ఈ గదిలో ఎవరూ చేసుండరు, ఉస్తాద్,” అన్నాడు, బిగించి చేతికిస్తూ.

ఉస్తాద్ లోపలికి తొంగి కూడా చూడలేదు. అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన ముఖం చిన్నబోయింది. లేచి బీరువా తెరిచాడు.

అందులో ప్రతి సైలెన్సర్ పక్కనా ఒక చిన్న గుడ్డమూట ఉంటుంది. సైలెన్సర్ కొత్తగా వచ్చిన రోజున ఎంత తూగిందో అంత నది ఇసుక పోసి కుట్టేసిన మూట. శుభ్రం చేసినదాన్ని ఆ మూటతో తూచాకే లోపల పెట్టడం ఉస్తాద్ పద్ధతి. మూటకంటే బరువుంటే మసి ఇంకా మిగిలినట్టు. తనది బరువుండే మాటే లేదని ఈరన్న దర్జాగా నిలబడ్డాడు.

ఉస్తాద్ త్రాసులో ఒక పక్క సైలెన్సర్, ఇంకో పక్క మూట పెట్టాడు. మూట కిందికి దిగింది. సైలెన్సర్ పైకి లేచింది.

ఆరేళ్లలో అలా లేవడం ఈరన్న ఎన్నడూ చూడలేదు. మచ్చలతో పాటు లోహమూ అరిగిపోయిందన్నమాట.

ఉస్తాద్ దాన్ని పక్కన పెట్టి, బీరువా అడుగు నుంచి ఇంకోటి తెచ్చాడు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది వచ్చింది అది. నల్లగా, ఒళ్లంతా మచ్చలతో, చూడ్డానికి ఏమంత బాగోలేదు. దాని మూట గుడ్డ కూడా వెలిసిపోయింది. రెండింటినీ త్రాసులో పెట్టి చేయి తీశాడు.

త్రాసు కాసేపు ఊగి నిలిచింది. ముల్లు సరిగ్గా నడిమధ్యన ఆగింది. ఈరన్న ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఉస్తాద్ చేతుల వైపు చూశాడు. ముప్పై ఏళ్లు తోమీ తోమీ రేణువంత కూడా అరగనివ్వని చేతులు. వాటికి దండం పెట్టాలనిపించింది.

“బయట్నుంచి వచ్చిందే తీయాల నాయనా,” అన్నాడు ఉస్తాద్ నెమ్మదిగా. “దానిది దానికి ఉండనీయాల.”

అని, నడుముకున్న తాళంచెవి తీసి ఈరన్న ముందు బల్ల మీద పెట్టాడు.

ఈరన్న దాన్ని ముట్టుకోలేదు. జేబులోంచి ఉప్పుకాగితం తీసి దాని పక్కన పెట్టాడు. మసిపట్టిన ఇంకో సైలెన్సర్‌ను దగ్గరికి తీసుకుని, బ్రష్షు అందుకున్నాడు.