గవరమ్మ మూడో కుప్ప

మన తాతల తాతలకు పాలపళ్లు కూడా రాని రోజుల్లో, వెదుళ్లకొండ కింద మేదరివాడలో గవరమ్మ ఉండేది. చేతులు బుట్టల మీద, బుర్ర చింతగింజల లెక్కల మీద.

ఒక ఏడు కొండదొర వెదురు పొదకు కంచె వేయించాడు. వెదురు లేకపోతే వాడకు కూడు లేదు. గవరమ్మ వెళ్లి కాళ్లావేళ్లా పడింది. దొరకూ లెక్కల పిచ్చే.

"ఒక కుప్పను ఎన్ని రకాలుగా సమంగా పంచవచ్చో అన్ని రకాలుగా పంచు. ప్రతి పంపకంలోనూ ఒక్క వాటా తియ్యి. తీసినవన్నీ కలిపితే మళ్లీ ఆ కుప్పంతే రావాలి. అలాంటిది తే, కంచె తీయిస్తాను" అన్నాడు.

గవరమ్మ ఎనిమిది గింజలు పోసింది. ఇద్దరికైతే నాలుగు, నలుగురికైతే రెండు, ఎనిమిదిమందికైతే ఒకటి. కలిపితే ఏడు. చాల్లేదు. పన్నెండు పోసింది. ఆరు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. పదహారు! ఎక్కువైంది. ఆరు పోసింది. మూడు, రెండు, ఒకటి. సరిగ్గా ఆరు!

"ఇది పిల్లకాయల లెక్క. ఇంకోటి తే."

మూడు నెలలు పోసింది, పంచింది, తీసింది. ఇరవై ఎనిమిది పట్టుకొచ్చింది. పద్నాలుగు, ఏడు, నాలుగు, రెండు, ఒకటి. సరిగ్గా ఇరవై ఎనిమిది!

దొర గతుక్కుమన్నాడు. "ఒక్కడికే ఇచ్చే పంపకం వదిలేశావేం?"

"ఒక్కడే అంతా పట్టుకుపోతే అది పంపకమేటి దొరా?"

కొలువంతా గొల్లుమంది. దొరకూ నవ్వక తప్పలేదు. "సరే, మూడోది వెతుకు. మీరు వెతికినన్నాళ్లూ వెదురు మీదే. దొరికిన రోజున కంచె మళ్లీ పడుతుంది." దొర కదా, ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోకపోతే నిద్రపట్టదు.

గవరమ్మ వెతికింది. చూపు మందగించినా వెతికింది. దొర ఏటేటా అడిగేవాడు, "దొరికిందా?" అని. "లేదు దొరా, ఎతుకుతున్నాను" అనేది. అలా అంటూనే పోయింది.

పదో రోజున కోడలు సన్నెమ్మ అత్త బుట్ట తెరిచింది. లోపల చింతగింజల మూట. లెక్కపెడితే నాలుగు వందల తొంభై ఆరు. పొద్దంతా కూచుని పంచింది, వాటాలు తీసింది, కలిపింది. సరిగ్గా నాలుగు వందల తొంభై ఆరు! మూటగుడ్డ చూస్తే ఏళ్లనాటిది. అంత సంబరాన్ని ఎవరికీ చెప్పుకోకుండా ఎలా మింగిందో ఆ మహాతల్లి! సన్నెమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ఇంకో గుప్పెడు గింజలు అందులో కలిపేసి మూత పెట్టింది.

ఇప్పటికీ ఆ వాడలో కొత్త కోడలు అడుగుపెడితే, ముందుగా ఆ బుట్టలో గుప్పెడు చింతగింజలు వేస్తుంది, లెక్కపెట్టకుండా. మూడో కుప్ప దొరికిందా అని ఎవరడిగినా, ముసలీ ముతకా పిల్లాజెల్లా అంతా ఒకటే మాట:

"ఇంకా ఎతుకుతున్నామండి."

అని, కత్తి పుచ్చుకుని వెదురుకు పోతారు.