రాత యంత్రానికి తెలుగు నేర్పిన మల్లసాని

ఎన్ని తరాల కిందటి మాటో గానీ, సువర్ణవేణి నది ఒడ్డున కనకవరం అనే రాజ్యం ఉండేదట. దాన్ని జయంతవర్మ అనే రాజు ఏలేవాడు.

ఆయన కొలువులో ఒక రాత యంత్రం ఉండేది. రాజ్యంలోని ఊళ్ళు, గుట్టలు, వాగుల పటం దాని లోపలే చెక్కి ఉండేది. ఆజ్ఞ రాసిన తాటాకును దాని నోట పెడితే చాలు, ఎన్ని లేఖలు కావాలంటే అన్ని రాసిపెట్టేది. అయితే ఆ ఆజ్ఞ వంకర గీతల గుర్తుల్లోనే ఉండాలి. ఆ గుర్తులు యంత్రాచార్యుడు భైరవభట్టు ఒక్కడికే తెలుసు.

కొలువులో లేఖకురాలు మల్లసాని ఒక పళ్ళచక్రం చేసింది. దాన్ని యంత్రానికి బిగిస్తే మామూలు తెలుగు మాటలను గుర్తులుగా మార్చేది. భట్టుకు అది నచ్చలేదు.

"అందరికీ అర్థమయ్యాక ఇక అది విద్య ఎలా అవుతుందమ్మా?" అని చక్రాన్ని మూలన పడేయించాడు.

ఆ ఏడు శ్రావణంలో వాన పట్టుకుంది. మూడు రోజులైనా వదల్లేదు. నది గంటగంటకూ పొంగుతోంది. రాజుకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఏ ఊరివాళ్ళు ఏ గుట్ట ఎక్కాలో చెబుతూ నూరు ఊళ్ళకు వెంటనే లేఖలు పోవాలి. వాకిట్లో గుర్రాలు గిట్టలతో నేల తవ్వుతున్నాయి.

భట్టు గుర్తులు గీశాడు. నూరు లేఖల్లోనూ ఒకే ఊరి పేరు వచ్చింది.

మళ్ళీ గీశాడు. ఈసారి ఊళ్ళ పేర్లు వచ్చాయి, గుట్టల పేర్లు ఎగిరిపోయాయి.

మూడోసారి గీయబోయి ఆగిపోయాడు. తన గీతల్లో తప్పెక్కడుందో తనకే కనబడలేదు. "ప్రభూ, నావల్ల కావడం లేదు" అని కూలబడ్డాడు.

మల్లసాని పరుగున వెళ్ళి చక్రం తెచ్చి బిగించింది. గబగబా తాటాకు మీద రాసి, పైకి చదివింది.

"ప్రతి ఊరికీ ఒక లేఖ రాయి. మొదట ఊరి పేరు పెట్టు. చివర ఆ ఊరికి దగ్గరి గుట్ట పేరు పెట్టు."

"ఆగమ్మా!" అని గుమ్మం దగ్గర నుంచి కేక వినిపించింది. లేఖల కోసం నిలబడ్డ రౌతు పోలయ్య ముందుకొచ్చాడు. "మా ఊరికి దగ్గరి గుట్ట వాగుకు అవతల ఉంది. ఇప్పుడు దాటబోతే అందరూ కొట్టుకుపోతారు. వాగు దాటకుండా చేరే గుట్ట అని రాయండమ్మా!"

సభ ఉలిక్కిపడింది. గుర్రపు రౌతు రాజాజ్ఞను దిద్దడమా!

మల్లసాని మాత్రం గంటం అందుకుంది. "నిజమే అన్నా, తప్పు నాదే" అని ఆ ఒక్క మాటా మార్చింది.

యంత్రం గడగడ కదిలింది. లేఖలు సరిగ్గా వచ్చాయి. గుర్రాలు దూకాయి.

సాయంత్రానికి నది గట్టు తెగింది. ఊళ్ళు మునిగాయి. జనం మాత్రం గుట్టల మీద తడుస్తూ, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటూ నిలబడ్డారు. పిలిచిన ప్రతి పేరుకూ బదులొచ్చింది.

వరద తీశాక భట్టు మల్లసాని దగ్గరకు వచ్చాడు. "నా రాతలో తప్పు పట్టగలవాడు లేడని ఇన్నాళ్ళూ మురిసిపోయానమ్మా. ఆరోజు ఒక్కడైనా ఉంటే బాగుండుననిపించింది" అని తన గుర్తులన్నీ ఆమె ముందు పెట్టాడు.

నలుగురికీ అర్థమయ్యే విద్యలో తప్పు దొర్లితే ఎవరో ఒకరు దిద్దుతారు. దాచుకున్న విద్యలో తప్పు దొర్లితే, ఆ విద్యను దాచుకున్నవాడు కూడా దిద్దుకోలేడు.